నాలుగో అంతస్తులో ఆపిన లిఫ్టు

ఆదివారం, పొద్దున
నాలుగో అంతస్తు, లిఫ్టు లోపల్నుంచి

అక్కకి,

తమ్ముడు నమస్కారం పెట్టి రాస్తున్నాడు. బావకి నమస్కారాలు, పిల్లలిద్దరికీ ముద్దులు. అక్కడ అందరూ క్షేమమేనా అని అడగను. నిన్ననే కదా ఫోన్లో మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవడం ఏంటిలే, నువ్వు తిట్టావు, నేను విన్నాను, నువ్వు ఠక్కున పెట్టేశావు. అప్పట్నుంచి ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. అందుకే ఈ కాగితం.

అవునక్కా, వేశాను చెయ్యి. మొన్న ఆ పెద్దావిడని రెండు భుజాలూ పట్టుకుని ఇవతలికి లాగాను. ఆవిడ నా చెంప ఛెళ్ళుమనిపించింది. కోడలు దొంగ దొంగ అని బిల్డింగంతా వినపడేట్టు అరిచింది. మా మేస్త్రీ నీకు ఫోన్ చేసి చెప్పిందంతా నిజమే. ఆయన అబద్ధం ఆడడు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడికి అబద్ధంతో పనేముంది? ఆయన చెప్పకుండా ఆపేసింది ఒక్కటే. ఆవిడ వీపు వెనక లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ తలుపు వెనక లిఫ్టు లేదు. లిఫ్టు కింద ఉంది. మధ్యలో ఏమీ లేదక్కా, చీకటి తప్ప.

బడి వదిలేశావు, సైకిల్ షాపు వదిలేశావు, ప్రెస్సు వదిలేశావు, ఇంత మంచి మనిషి దగ్గర పెడితే ఇదీ వదిలేసి పారిపోతున్నావు, మీ బావ పరువు తీశావు అన్నావు. పారిపోవడమా? నేనిప్పుడు ఎక్కడ కూర్చున్నానో చూస్తే ఆ మాట అనవు. ఆ లిఫ్టులోనే కూర్చున్నా, అదే నాలుగో అంతస్తులో, గోడకి ఆనుకుని. ఎర్ర బటన్ నొక్కి పెట్టా. అది నొక్కి ఉన్నంతసేపు ఎవడు ఏ అంతస్తులో పిలిచినా ఇది కదలదు. నేను లేచానంటే ఎవడో ఒకడు వచ్చి ఆ బటన్ లాగేస్తాడు. అందుకని తెల్లారకముందు వచ్చి కూర్చున్నవాణ్ణి, ఇంకా లేవలేదు. బాత్రూము సంగతి అడక్కు.

నీకు అర్థమయ్యేట్టు చెప్తా విను. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు తలుపుకి లోపల ఒక తాళం ఉంటుంది. లిఫ్టు వచ్చి నిలబడితే తప్ప ఆ తాళం ఊడదు, తలుపు రాదు. అన్ని తాళాలూ పడితే తప్ప లిఫ్టు కదలదు. ఇక్కడ నాలుగో అంతస్తు తాళం అరిగిపోయి విరిగింది. అది ఎప్పుడు లాగితే అప్పుడు వచ్చేస్తుంది. తాళం పడలేదు కాబట్టి లిఫ్టు దానంతటదే ఆగిపోయింది, ఆగిపోవాలి కూడా. దాని బుద్ధి దానికుంది. ఆ బుద్ధి పోగొట్టింది నేను. పైన మిషన్ రూములో రెండు స్క్రూల మధ్య ఒక తీగ ముక్క పెట్టాను. ఇప్పుడు తలుపు తెరిచి ఉన్నా మూసే ఉందనుకుని లిఫ్టు పరుగెడుతుంది. నాలుగో అంతస్తులో తలుపు తీసినవాడికి ఎదురుగా లిఫ్టు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వాడి అదృష్టం.

అందుకే ఇక్కడ ఆపి కూర్చున్నా. ఇది ఇక్కడే ఉంటే ఎవరు చూసుకోకుండా అడుగేసినా నా ఒళ్ళో పడతారు, గోతిలో పడరు.

నువ్వు అడుగుతావు, అంత తెలిసినవాడివి ఆ తీగ ఎందుకు పెట్టావురా అని. అదే చెప్పాలి నీకు. మా మేస్త్రీ గురించి చెప్పకుండా అది చెప్పడం కుదరదు.

ఆయన చెడ్డవాడని నేను అనడం లేదక్కా. అదే నా ఖర్మ. చేరిన కొత్తల్లో నీకు ఫోన్ చేసి బుర్ర తినేసేవాణ్ణి కదా, ఇలాంటి మనిషి కింద పని దొరకాలంటే పెట్టి పుట్టాలని. లిఫ్టులు బాగుచేసే మా షాపులో వెనకాల ఆయన్ని మెత్తాయన అంటారు. గొంతు లేవదు, నోట్లోంచి తిట్టు రాదు. ఆయన చెప్పినట్టు బళ్ళో ఎవరైనా చెప్పి ఉంటే నేను బడి మానేవాణ్ణే కాదు. ఏ బిల్డింగుకి వెళ్ళినా ముందు మిషన్ దగ్గరికి పరుగెత్తకురా, మంచినీళ్ళు అడుగు, నీళ్ళు తెచ్చినవాడు నువ్వు అడక్కుండానే ఎవడు తలుపు తన్నాడో ఎవడు లోపల గంతులేశాడో మొత్తం కక్కేస్తాడు అన్నాడు. అక్షరాలా నిజం. బాగుచేసిన వెంటనే దిగి రాకు, చిటికెలో అయిపోయిందంటే చిటికెడు పని అనుకుంటారు, చేతులు తుడుచుకో, కాసేపు పైకి చూస్తూ నిలబడు, విరిగిన ముక్క తీసి వాళ్ళ చేతిలో పెట్టు అన్నాడు. అదీ నిజం. తుప్పు పట్టిన ముక్క చేతిలో పడగానే ఎంతటివాడి నోరైనా మూతపడుతుంది. తెలీదు అనకు, చూసి చెప్తా అను అన్నాడు. ఎవడైనా మీద పడి అరుస్తుంటే ఎదురు నిలబడకు, కింద చతికిలబడి టూల్ బాక్సు తెరువు, నేల మీదున్నవాడి మీద ఎంతసేపని అరుస్తాడు, వాడి మెడే పట్టేస్తుంది అన్నాడు.

పొద్దున ఈ బిల్డింగు సెక్రటరీ మీద అది పనిచేసింది. ఆయన ఏడో అంతస్తు నుంచి మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చి, ఏంట్రా నీ రౌడీయిజం, మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, నీ బాబు మోసుకొస్తాడా కిందికి అని మొదలెట్టాడు. నేను కిందే ఉన్నా కదా, తలెత్తి చూస్తూ కూర్చున్నా. కాసేపటికి ఆయనే వంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బాబూ అనడం మొదలెట్టాడు. తీగ సంగతి మొత్తం చెప్పా. తీగ ఎవరు పెట్టారు అన్నాడు. నేనే అన్నా. మరి అప్పుడు నువ్వు పెట్టింది తప్పయితే ఇప్పుడు నువ్వు చెప్పేది రైటని ఎలా నమ్మమంటావు, మీ మేస్త్రీ నిక్షేపంలా ఉందంటున్నాడు, ఆయన అనుభవం ముందు నీ వయసెంత అన్నాడు. ఎక్కడికి వెళ్ళినా ఈ గోడే తగులుతోంది. చేసిన చెయ్యి నాది. పోలీసుల దగ్గరికి పోయినా ముందు పట్టుకునేది ఈ చేతినే.

ఆ చెయ్యి ఎలా కదిలిందో విను. మెత్తాయన పని చెప్పడు. అడుగుతాడు. అదీ ఆయన గొప్పతనం. మిషన్ ముందు నిలబడి, గడ్డం గోక్కుని, నువ్వైతే ఏం చేస్తావురా అంటాడు. నన్నెవరూ అడగలేదక్కా ఆ మాట, పుట్టి బుద్ధెరిగాక. బళ్ళో అడగలేదు, సైకిల్ షాపులో అడగలేదు. నువ్వు కూడా అడగలేదు, కోపం తెచ్చుకోకు, నువ్వు ఎప్పుడూ చెప్పడమే. ఆయన అడిగేసరికి నాకు ఒళ్ళు పొంగిపోయేది. రాత్రి పడుకుని కూడా రేపు ఏం అడుగుతాడో, ఏం చెప్పాలో అని ఆలోచించేవాణ్ణి. ఎప్పుడైనా చదివానా అలా పరీక్షలకి?

ఆ రోజు కూడా అంతే. నాలుగో అంతస్తు తాళం విరిగింది, కొత్తది తెప్పించాలంటే ఆ కంపెనీయే ఇప్పుడు లేదు, కింద సెక్రటరీ గోల చేస్తున్నాడు. మిషన్ రూములో ఆయన టార్చి పట్టుకుని, ఇదిగో వీళ్ళు ఈ పూట లిఫ్టు కావాలంటున్నారు, నాకైతే ఏమీ తోచట్లేదు, నువ్వైతే ఏం చేస్తావురా అన్నాడు. నేను బోర్డు చూశా. చూస్తూ ఉంటే తట్టింది. ఈ స్క్రూకీ ఆ స్క్రూకీ మధ్య తీగ పెడితే తాళం పడ్డట్టే అనుకుంటుంది కదా అన్నా. ఆయన నోరు తెరిచి నన్నే చూశాడు. ఓరి నీ దుంపతెగ, ఇన్నేళ్ళుగా నాకు తట్టలేదు చూడు అన్నాడు. తీగ నేనే కోశా, నేనే బిగించా. ఆయన చెయ్యి పెట్టలేదు. టార్చి వెలుగు మాత్రం ఎటూ కదలకుండా పట్టుకున్నాడు. సాయంత్రం షాపులో అందరి ముందు నా వీపు తట్టి, వీడికి చదువబ్బలేదు గానీ బుర్ర పాదరసం అన్నాడు. ఆ రాత్రే నీకు ఫోన్ చేసి, అక్కా ఈసారి నిలబడతా అన్నది. గుర్తుందో లేదో నీకు.

ఆ పూటకే అనుకున్నా. తర్వాత కొత్త తాళం ఊసే లేదు. అడిగితే వస్తుందిలే అన్నాడు. మళ్ళీ అడిగితే, నువ్వు పెట్టిన తీగేగా, నీకే నమ్మకం లేదా అని నవ్వాడు. షాపులో నత్త అని ఒక పాత మెకానిక్కు ఉన్నాడు, రెండు అంతస్తులు ఎక్కడానికి పూట పట్టే మనిషి. ఆయనతో నా బెంగ చెప్పుకుంటే బీడీ ఆర్పి, ఓహో ఈసారి తీగ కనిపెట్టింది నువ్వా, నీకు ముందున్నవాడూ ఆ మిషన్ రూములోనే కనిపెట్టాడు, వాడికి ముందు నేను వేరే బిల్డింగులో కనిపెట్టా, మాక్కూడా ఇలాగే వీపు తట్టాడులే అన్నాడు. నా ముందువాడు ఏమయ్యాడు అని అడిగితే నత్త బీడీ మళ్ళీ వెలిగించుకుని అటు తిరిగిపోయాడు.

తీగ పీకేద్దామని ఆ సాయంత్రమే వెళ్ళా. మెత్తాయన మిషన్ రూము మెట్ల మీదే ఉన్నాడు, నాకోసమే అన్నట్టు. బాగా అలిసిపోయావురా, మొహం పీక్కుపోయింది, నాలుగు రోజులు రెస్టు తీసుకో అని నా చేతిలో ఉన్న తాళంచెవి పాపం బరువేమో అన్నట్టు మెల్లగా తీసుకున్నాడు. నేను ఇచ్చేశా! ఇవ్వనని కూడా అనలేదు. కింద నాలుగో అంతస్తులో తలుపుకి తాడు కట్టా. పొద్దున్నకల్లా ఎవరో కోసేశారు. కాగితం అంటించా. చింపేశారు. మొన్న ఇంకో తాడు పట్టుకుని వచ్చా. అప్పుడే మామ్మగారు, ఆ పెద్దావిడే, బయటికి వచ్చారు.

ఈ మామ్మగారి సంగతి చెప్తే నవ్వుతావు, నవ్వు రాదు గానీ. ఆవిడకి కోడలితో పేచీ లేకుండా పొద్దు గడవదు. గుమ్మంలోంచి లిఫ్టు దాకా తిట్టుకుంటూనే వస్తుంది, వెనక్కి నడుస్తూ. కళ్ళు కోడలి మీద, చెయ్యి వెనక్కి పెట్టి తలుపు పిడి తడుముకుని, తీసి, అలాగే వీపుతో లోపలికి. ఎన్నేళ్ళ అలవాటో. మొన్న నేను మెట్ల మీద ఉన్నా. తలుపు వచ్చేసింది. ఆవిడ మడమ అంచు మీద ఉంది. చెప్పు ఒకటి జారి పడింది. అది కిందికి వెళ్ళి తగిలిన చప్పుడు రావడానికి ఎంతసేపు పట్టిందో, అక్కా, అది నా చెవుల్లోంచి పోవట్లేదు. అప్పుడు వేశాను చెయ్యి.

పొద్దున కూడా అలాగే వచ్చింది. కోడల్ని నీ వంటా నువ్వూ అంటూ వీపుతో లోపలికి వచ్చి నా కాళ్ళ మీద కూలబడింది. మళ్ళీ నువ్వేనా వెధవా అంది. తిట్టడం అయ్యాక మంచినీళ్ళు అడిగా, అలవాటు కొద్దీ. నీళ్ళు తెచ్చి, టీ కూడా తెచ్చి, లిఫ్టులోనే స్టూలు వేసుకుని కూర్చుంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పా. మామ్మగారూ, కనీసం తిరిగి చూసుకుంటూ ఎక్కండి అన్నా. ఆవిడ ఏమందో తెలుసా? దానికి వీపు చూపించానంటే ఆఖరి మాట దానిదవుతుందిరా, బతికుండగా అది జరగదు అంది! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇలాంటి మనిషిని కాగితం అంటించి ఆపుతానా?

మెత్తాయన మాత్రం ఇంకా ఇటు రాలేదు. రానీ. ఆయన తలుచుకుంటే పైకెళ్ళి చేత్తో చక్రం తిప్పించి నాతో సహా ఈ లిఫ్టుని దింపగలడు. అలా చెయ్యడు. ఆయన పని చేతులతో కాదు. వస్తే ఏం చెప్పాలో అన్నీ మనసులో పేర్చుకుని ఉన్నా. నత్త చెప్పిన సంగతి మొహం మీదే అడుగుతా.

ఇప్పుడు అసలు సంగతి. నీకు ఇష్టం లేనిది. బావని పంపించు.

ఇవాళ ఆదివారం, ఏ ఆఫీసూ లేదు, ఏ ఇన్‌స్పెక్టరూ దొరకడు. మిషన్ రూము తాళం మెత్తాయన దగ్గర, మీటర్ల గది తాళం సెక్రటరీ దగ్గర. వాళ్ళిద్దరూ ఇవ్వరు. ఎవర్నీ అడక్కుండా ఈ లిఫ్టుకి కరెంటు తీసెయ్యగలిగినవాడు నాకు తెలిసి లోకంలో లైన్‌మన్ ఉద్యోగం చేసే మా బావ ఒక్కడే. లిఫ్టుకీ నీళ్ళ మోటారుకీ కలిపి, ఇళ్ళది కాకుండా, వేరే లైను. వీధి చివర స్తంభం మీద ఆ ఫ్యూజు ఒక్కటి పీకితే చాలు. ఇళ్ళల్లో దీపాలు పోవు. కరెంటు పోతే లిఫ్టు ఇక్కడే, ఈ తలుపు వెనకే నిలిచిపోతుంది. పైన ట్యాంకులో నీళ్ళు అయిపోయాక సెక్రటరీయే పరుగెత్తుకుంటూ పోయి, ఎక్కడున్నా వెతికి కొత్త తాళం కొనుక్కొస్తాడు. మోకాళ్ళ నొప్పులకి కరగనివాడు నీళ్ళకి కరుగుతాడు.

నిన్న అడిగితే, నీ వెధవ గొడవల్లోకి ఆయన్ని లాగకు, నీకెలాగూ ఉద్యోగం నిలవదు, ఆయనది కూడా ఊడగొడతావా అన్నావు. నిజమే, ఆర్డరు లేకుండా ఫ్యూజు పీకితే ఆయనకి మాట వస్తుంది. నేను అబద్ధం చెప్పను. ఏమీ కాదులే అని నీకు నచ్చచెప్పే తెలివి నాకు వచ్చేసింది అక్కా, మెత్తాయన దగ్గర నేర్చుకున్నా, ఎలా అడిగితే బావ తనంతట తనే స్తంభం ఎక్కుతాడో కూడా నాకు తెలుసు. అలా అడగను. చెప్తున్నా. బావకి ఇబ్బంది వస్తుంది. అయినా రమ్మను. కాళ్ళు పట్టుకుంటా.

వాచ్‌మన్ డ్యూటీ దిగుతున్నాడు. ఆయన బస్సు మీ వీధి మీదుగానే పోతుంది. పెన్నూ ఆయనదే, కాగితాలూ ఆయన పుస్తకంలోంచి చింపినవే. బస్సు తప్పితే నన్ను చంపేస్తానంటున్నాడు. ఆయన చేతిలో పెట్టేస్తున్నా. చదివాక ఫోన్ చెయ్యకు. బావని పంపు.

నీ నిలకడ లేని తమ్ముడు

ఇంకో మాట, వెనక పేజీలో రాస్తున్నా, వాచ్‌మన్ని బతిమాలి ఆపా: మెత్తాయన రాలేదని రాశాను. వచ్చాడు. అందరికంటే ముందు, నేనొచ్చి కూర్చున్న కాసేపటికే వచ్చాడు. కోప్పడలేదు. లుంగీ సర్దుకుని నా పక్కనే నేల మీద కూర్చున్నాడు. నీ భయం మంచిదేరా, నాకు సంతోషంగా ఉంది, వచ్చే నెల నుంచి నువ్వు హెల్పరువి కాదు, మెకానిక్కువి, ఈ చుట్టుపక్కల లిఫ్టులన్నీ నీ చేతి కింద పెడతా, తాళం కూడా నువ్వే పోయి వెతికి తెద్దువుగాని, ముందు ఇది దింపు అన్నాడు. నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు. సరే అన్నాను. అవునక్కా, సరే అన్నాను. వాచ్‌మన్ డ్యూటీ మారే వేళకి మళ్ళీ వస్తా, ఇద్దరం కలిసి కిందికి దిగుదాం అని వెళ్ళాడు. వెళ్ళాక నా వేలు ఆ బటన్ మీదికి పోయింది, తియ్యడానికే పోయింది. అప్పుడే మామ్మగారు వీపుతో వచ్చి కాళ్ళ మీద పడింది. లేకపోతే ఈపాటికి దిగిపోయి ఉండేవాణ్ణి. ఆయన మళ్ళీ పక్కన కూర్చుంటే కాదనగలనని నాకు నమ్మకం లేదు. కరెంటు ఉంటే నేను దిగిపోతానక్కా. అందుకే బావ కావాలి, లిఫ్టు కోసం ఒక్కటే కాదు. మెట్ల మీద ఎవరో వస్తున్నారు, నడక ఆయనదే, వాచ్‌మన్ కాగితం లాక్కుంటున్నాడు, ఇంక నేను వెళ్ళా